పెట్రోలు మూతకి మైనం

ఎవరూ, ఈ ఫొటోలో మూతి బిగించుకుని కూర్చున్నావిడా? మా పెద్ద తోటికోడలు. అక్కయ్య అనేదాన్ని. పోయి ఇరవై ఏళ్ళు దాటింది. కోపిష్టిది కాదే, ఫొటో అంటే అలా బిగుసుకుపోయేది, అంతే. కోపమంతా బావగారిది. ఆవిడతో చిక్కేమిటంటే, తప్పు చేశానన్న మాట ఆ నోటమ్మట ఎవరూ వినలేదు. కూర మాడితే పొయ్యిది తప్పు, గిన్నె జారితే గచ్చుది తప్పు.

ఊరికి దూరంగా తోటలో ఉండేవాళ్ళు. కరెంటు తీగ అంతదాకా రాలేదు. కప్పు మీద సోలారు పలకలు, పక్కగదిలో బ్యాటరీలు, ఎండ లేని రోజులకని బయట రేకుల కింద ఒక జనరేటరు. బావగారికి అప్పటికే ఊపిరితిత్తులు పాడయ్యాయి. మంచం పక్కన ఆక్సిజన్ మిషను, ముక్కుకి గొట్టం. అది ఆగితే చిన్న సిలిండరొకటి, మూడు గంటలొస్తుంది. ఆ పైన దేవుడే.

ఆ ఏడు నాలుగు రోజులు ఒకటే ముసురు. బ్యాటరీలు అడుగంటాయి. జనరేటరు వేస్తే పావుగంట తిరిగి, దగ్గి దగ్గి ఆగిపోయింది. కాసేపు వదిలేసి తాడు లాగితే మళ్ళీ పావుగంట. నేనా? సాయానికని పది రోజుల ముందే వెళ్ళాను. ఏం సాయంలే, గడియారం చూస్తూ కూర్చున్నాను. అక్కయ్య సిలిండరు తిప్పి, మెకానిక్కి ఫోను చేసింది. పేరేదో ఉండేది గానీ, అతన్ని అందరూ నిదానం అనే పిలిచేవాళ్ళు.

వచ్చేసరికి సిలిండరు ముల్లు సగానికి దిగింది. అయినా అతను పానా మీద చెయ్యి వేస్తేనా! ముందు ప్రశ్నలు. "ఎన్ని నిమిషాలు తిరుగుతోందమ్మా? టక్కున ఆగుతోందా, దగ్గి ఆగుతోందా?" లోపల్నించి బావగారు, "వాణ్ణి బాగుచెయ్యడానికి పిలిచారా, పెళ్ళిచూపులకా!" ఊపిరి లేకపోయినా నోటికి లోటు లేదు. నిదానం ప్లగ్గు చూశాడు, నిప్పురవ్వ వస్తోంది. ఆయిలు ఉంది. మళ్ళీ వేశాడు, మళ్ళీ ఆగింది. అప్పుడు పెట్రోలు ట్యాంకు మూత తిప్పాడు చూడూ, ఉస్సుమని గాలి పీల్చుకుంది. ఆ మూతకో సన్నటి చిల్లు ఉంటుందట. అందులోంచి గాలి లోపలికి పోతేనే పెట్రోలు కిందికి దిగుతుందట. ఆ చిల్లు నిండా తెల్లగా కొవ్వొత్తి మైనం!

పిన్నీసుతో తీసేశాడు. జనరేటరు ఇక ఆగలేదు. మిషను పెట్టాం, బావగారి పెదాలకి రంగొచ్చింది. నిదానం అక్కయ్య వంక చూశాడు. నాకు తెలుసుగా. వారం కిందట ఆ మూత వంటింట్లోకి తెచ్చి, కొవ్వొత్తి చుక్కలు వేసింది ఆవిడే. పెట్రోలు కంపు గదిలోకొచ్చి ఆయనకి ఆయాసం పెరుగుతోందని. నేనూ మంచి పనే అనుకున్నాను.

"ఏమిటట రోగం?" అన్నారు బావగారు.

"చెత్త అడ్డం పడిందండీ."

"పోయిన నెల సర్వీసు చేసింది నువ్వేగా! నిండు ప్రాణం తీసేవాడివి. ఇంక నా గడప తొక్కకు. ఈ తోటల్లో ఎవడు నిన్ను పిలుస్తాడో నేనూ చూస్తాను!"

అన్నంత పనీ చేసే మనిషే. అక్కడ ఆయన మాటే మాట. నిదానం తల వంచుకుని పానాలు సంచిలో వేసుకుంటున్నాడు.

అక్కయ్య కొంగు దోపుకుని మంచం దగ్గరికి వెళ్ళింది. "అతన్నేమీ అనకండి. ఆ చిల్లు మూసింది నేను."

ఇల్లు ఎగిరిపోతుందనుకున్నాను. బావగారు గొట్టం సర్దుకున్నారు. ఆవిడ వైపు తిరిగి, "నువ్వా?" అన్నారు.

"నేనే. తప్పు నాది."

బావగారు నిదానం వైపు తల తిప్పారు. తర్వాత, "ముందు అతనికి కుర్చీ వెయ్యి," అన్నారు.

వేసింది. ప్యాంటుకి నూనె మరకలున్నాయని అతను కూర్చోడే! అక్కయ్య ఉతికిన తువ్వాలు తెచ్చి కుర్చీలో పరిచింది...

ఆ కిటికీ రెక్క కొట్టుకుంటోంది, గడియ పెట్టు.