బయటి చీటీ, పక్క కుర్చీ

1991వ సంవత్సరం జూన్ పదో తేదీ, సోమవారం ఉదయం, మొదటి గంట మోగడానికి ఇంకా పావుగంట ఉందనగా, ఒక చంకలో గొడుగు, మరో చేతిలో నియామక పత్రం పట్టుకొని గేటు దాటబోతున్న ఇరవై ఐదేళ్ల యువతిని చూసి మన పాఠశాల కాపలాదారు, "ఏ క్లాసమ్మా నువ్వు? యూనిఫాం ఏదీ?" అని నిలదీశాడట. "క్లాసులో కూర్చోడానికి కాదయ్యా, క్లాసు చెప్పడానికొచ్చాను" అని జవాబిచ్చి, గొడుగు కొనతో నేలను తాటిస్తూ లోపలికి నడిచిన ఆ యువతే, ముప్పై మూడేళ్ల అవిచ్ఛిన్న సేవ అనంతరం ఈ నెలాఖరున పదవీ విరమణ చేయనున్న మన సామాన్యశాస్త్ర ఉపాధ్యాయిని, మనందరి గౌరవపాత్రురాలు, పిల్లలు 'కుర్చీ టీచర్' అని పిలుచుకునే సైన్సు టీచరు గారు.

వారి గురించి ఈ సంచికలో వ్యాసం వేయాలని సంపాదకవర్గం నిశ్చయించి ఆ మాట చెవిన వేసినప్పుడు, వారు చేతిలోని సుద్దముక్క పక్కన పెట్టి ఒక్క షరతు విధించారు. "రాయండి, వద్దనను. కానీ రేడియో సంగతి రాయకపోతే నా సంగతి కూడా రాయొద్దు. సగం మనిషికి సన్మానం చేయకండి." కనుక ఈ వ్యాసం సందర్భానికి తగినంత తియ్యగా లేకపోతే పాఠకులు మన్నించాలి. మొత్తం మనిషిని రాయమని కోరినవారు వారే.

మొదటి ఆరేళ్లలో వారికి 'కుర్చీ టీచర్' అనే పేరు లేదు. అప్పట్లో వారు 'చీటీల టీచర్'. ఆ రోజుల నిబంధన నేటి యువ ఉపాధ్యాయులకు తెలియకపోవచ్చు. తరగతిలో అల్లరి చేసిన విద్యార్థికి గులాబీ రంగు చీటీ ఒకటి రాసిచ్చి వరండాలోకి పంపాలి. ఇంటి పెద్ద ఆ చీటీ మీద సంతకం చేసి పంపేదాకా ఆ విద్యార్థి ఆ పీరియడులో తలుపు బయటే నిలబడాలి. బెత్తం పట్టనవసరం లేదు, గొంతు చించుకోనవసరం లేదు, అంతా శాస్త్రీయమని అందరం మురిసిపోయేవాళ్లం. సైన్సు టీచరు గారు ఒక విద్యా సంవత్సరంలో నూట పన్నెండు చీటీలు రాశారు. వారి తరగతిలో గుండుసూది పడితే వినపడేది. వార్షికోత్సవ వేదిక మీద అప్పటి ప్రధానోపాధ్యాయులు వారిని నిలబెట్టి, "క్రమశిక్షణ అంటే ఏమిటో ఈవిడ గదిని చూసి నేర్చుకోండి" అని మిగతా అందరి మొహాలూ మాడిపోయేలా పొగిడారు. ఆ పొగడ్త తన తలకెక్కి కూర్చుందని వారే చెబుతారు.

ఏడో సంవత్సరం ఎనిమిదో తరగతిలోకి ఒక పిల్ల వచ్చింది. పదమూడేళ్లు. తల్లీ తండ్రీ లేరు, ఇటుకల బట్టీలో పనిచేసే అమ్మమ్మ పెంపకం. నోరు మూతపడేది కాదు గనుక పిల్లలంతా కలిసి 'రేడియో' అని పేరు పెట్టారు. ఒకనాడు సైన్సు టీచరు గారు, సిలబసు వెనకబడిందన్న తొందరలో, శ్వాసవ్యవస్థ పాఠాన్ని గుక్కతిప్పుకోకుండా చెప్పుకుపోతున్నారు. మూడో వరుసలోంచి గొంతు లేచింది.

"ఒసేయ్, ఊపిరితిత్తుల పాఠం చెబుతూ టీచర్ ఊపిరి పీల్చుకోవడమే మర్చిపోయారే!"

గది గదంతా ఘొల్లుమంది. నిజానికి ఆ పిల్ల చెప్పింది అక్షరాలా నిజం. నవ్వేసి, ఒక్క నిట్టూర్పు విడిచి, పాఠం కొనసాగించి ఉంటే ఈ వ్యాసం మరోలా ఉండేది. వారు చీటీ రాశారు.

మరునాడు రేడియో చీటీ తెచ్చింది. సంతకం ఉండాల్సిన చోట నీలిసిరా వేలిముద్ర ఉంది. అది చాలా చిన్నదిగా, గీతలేవీ కనిపించకుండా నున్నగా ఉంది. సైన్సు టీచరు గారు దాన్ని కిటికీ వెలుతురులో అటూ ఇటూ తిప్పి చూశారు.

"ఇది పెద్దవాళ్ల వేలా? నీ వేలే కదూ?"

"కాదు టీచర్, అమ్మమ్మదే. ఒట్టు."

"వేలిముద్ర చెల్లదు. సంతకం అని రాసుంది చూడు. చదవడం వచ్చుగా?"

"నాకొచ్చు టీచర్. అమ్మమ్మకే రాదు."

ఆ జవాబుకు మళ్లీ అందరూ నవ్వారు. అదీ ఆ పిల్ల ఖాతాలోనే పడింది. రెండోసారి తెచ్చినా అదే ముద్ర, మూడోసారి తెచ్చినా అదే ముద్ర. మూడోసారి సైన్సు టీచరు గారు చీటీని తరగతికి ఎత్తి చూపించి, "దొంగ వేలుముద్రలు వేయడం కూడా నేర్చారు మన రేడియో గారు" అన్నారు. మొత్తం పదకొండు రోజులు ఆ పిల్ల వరండాలో నిలబడింది. మొదట్లో కిటికీలోంచి పాఠం వినేది. తర్వాత కిటికీకి వీపు పెట్టి నిలబడేది. పన్నెండో రోజున రాలేదు.

మూడు వారాలు గడిచాక హాజరుపట్టీలో వరుసగా పడ్డ గైర్హాజరు గుర్తులు చూసి, సైన్సు టీచరు గారు ఆ ఇల్లు వెతుక్కుంటూ వెళ్లారు. వంగిపోయిన నడుముతో అమ్మమ్మ గుమ్మంలోకి వచ్చింది. పదేళ్ల పిల్ల చేతులంత చేతులు ఆవిడవి. బతుకంతా ఇటుకలు మోసి మోసి వేళ్ల మీది గీతలు చెరిగిపోయి, చర్మం గాజులా మెరుస్తోంది.

"టీచరమ్మవా? నీకోసం రెండుసార్లు స్కూలు కాడికొచ్చానమ్మా, ఆ వేలు నాదేనని చెబుదామని. గేటాయన పాఠాలు అవుతున్నాయి, సాయంత్రం రమ్మన్నాడు. సాయంత్రం నాకు బట్టీలో పని. ఇదిగో, చూసుకో."

అని ఆ ముసలమ్మ బొటనవేలు చాచింది. సైన్సు టీచరు గారు సంచిలోంచి చీటీ తీసి పక్కన పెట్టి చూశారు. ఆ తర్వాత చూడాల్సిందేమీ మిగల్లేదు. పిల్ల ఏదని అడిగితే, చదువు ఎలాగూ లేదు గనుక నూలుమిల్లుకు మనుషుల్ని చేర్చే మేస్త్రీ వెంట పంపేశానని చెప్పింది.

మిల్లు బస్సులో ఐదు గంటల దూరం. సైన్సు టీచరు గారి భర్త, పోస్టాఫీసులో సెలవు పెట్టి తోడు వెళ్లారు. గేటు దగ్గర గంటన్నర నిలబడ్డాక పది నిమిషాలకని పిల్లను పంపారు. మూతికి గుడ్డ కట్టుకొని, జుట్టు మీద, కనుబొమల మీద దూదిపొట్టుతో వచ్చిన ఆ పిల్లను వారు ముందు ఆనవాలు పట్టలేదు. రేడియో గుడ్డ కిందికి లాగి అడిగిన మొదటి మాట ఇది.

"అమ్మమ్మ వేలు అమ్మమ్మదేనని తెలిసిందా టీచర్?"

"తెలిసిందమ్మా. తప్పు నాదే. చీటీ చించేస్తాను, వచ్చెయ్. మొదటి బల్లలో కూర్చుందువు గానీ."

"ఎలా వస్తాను టీచర్? మూడేళ్ల కాగితం రాయించుకున్నారు. దాని మీదా అమ్మమ్మే వేలు వేసింది." కనుబొమల మీది దూది తుడుచుకొని, "ఇక్కడ ఆ వేలు చెల్లింది" అంది.

దెప్పిపొడుస్తూ అనలేదు, ఉన్నమాట చెప్పినట్టు చెప్పింది. అదే ఎక్కువ బాధ అంటారు సైన్సు టీచరు గారు. ఈలోగా లోపల సైరను కూసింది. పిల్ల గుడ్డ పైకి లాక్కొని, దగ్గుకుంటూ వెనక్కి వెళ్లిపోయింది. మేస్త్రీతో మాట్లాడితే వినలేదు. రెండు నెలలకు ప్రధానోపాధ్యాయుల ఉత్తరం పట్టుకొని మళ్లీ వెళ్తే, ఆ జట్టును వేరే మిల్లుకు మార్చామన్నారు. అక్కడికి వెళ్తే అటువంటి పేరే తమ రిజిస్టరులో లేదన్నారు. ఏడాది తిరక్కుండా అమ్మమ్మ కన్నుమూసింది. ఆ పిల్ల ఏమైందో ఈనాటికీ తెలియదు. చీటీ మాత్రం చించలేదు. వారి పాఠ్యపుస్తకంలో, శ్వాసవ్యవస్థ పుటల మధ్య ఇప్పటికీ ఉంది.

ఆ సంవత్సరమే సైన్సు టీచరు గారు తమ చీటీల పుస్తకాన్ని ప్రధానోపాధ్యాయుల బల్ల మీద పెట్టి, "ఇక నా గదిలోంచి ఎవరినీ బయటికి పంపను" అని చెప్పి వచ్చారు. వచ్చి, ప్రయోగశాలలోంచి ఒక చెక్క కుర్చీ తెచ్చి తమ బల్ల పక్కన వేశారు. అల్లరి చేసినవారు బయటికి కాదు, ఇంకా లోపలికి రావాలి, టీచరు పక్కన కూర్చోవాలి. ఊరికే కాదు. సుద్దముక్కలు అందించాలి, పరీక్షనాళిక పట్టుకోవాలి, బొమ్మలో రంగులు నింపాలి. గంట కొట్టాక రెండే ప్రశ్నలు. "పొద్దుట్నుంచీ ఏం జరిగింది?" "ఇప్పుడు మనం ఏం సరిచేద్దాం?" మొదటి ప్రశ్నకు జవాబుగా అన్నం తినలేదని, అద్దాలు పగిలాయని, రాత్రంతా ఇంట్లో గొడవని, ఏమీ లేదు ఊరికే తిక్క పుట్టిందని, సకల విషయాలూ బయటపడేవి. రెండో ప్రశ్నకు జవాబు పిల్లలే చెప్పాలి. చింపిన పుస్తకానికి అట్ట వేయాలి, తాము ఏడిపించినవాడి దగ్గరకు వెళ్లి మాట్లాడాలి. మాట్లాడేటప్పుడు పక్కన సైన్సు టీచరు గారుండేవారు గానీ నోరు విప్పేవారు కాదు.

ఇదంతా పూలబాటగా సాగిందని రాస్తే వారే కొట్టేస్తారు. "టీచరమ్మా, తప్పు చేస్తే సింహాసనం ఇస్తారని మావాళ్లు క్యూ కడుతున్నారు, నాకూ ఒక కుర్చీ వేయించండి" అని వ్యాయామ ఉపాధ్యాయులు ఏడిపించేవారు. ఒక కుర్రవాడు ఆ కుర్చీలోనే కూర్చొని వారి చీర మీద సిరా ఒలకబోశాడు. మరొకడు కుర్చీ ఎత్తి తోటివాడి మీదికి విసిరి నుదురు పగలగొట్టాడు. వాణ్ణి ఆ కుర్చీ మార్చలేకపోయింది, ఆ విషయం వారు దాచలేదు. తరగతిలో గోల పెరిగిందని, ఉత్తీర్ణత తగ్గిందని రెండు సంజాయిషీ నోటీసులు వచ్చాయి. ఆపై నాలుగేళ్లు, కిటికీ లేని గోడౌను లాంటి గదిలో నడిచే మధ్యాహ్నపు తరగతులకు వారిని వేశారు. కుర్చీని కూడా తామే మోసుకొని అక్కడికి వెళ్లారు. మనలో ఒక్కరం కూడా చేయి సాయం చేయలేదన్నది ఈ సంచికలో నమోదు కావాల్సిన మరో వాస్తవం.

ఇంట్లోనూ ఆ కుర్చీ తప్పలేదు. "నేను గొంతు పెంచానంటే చాలు, 'కుర్చీ లాగనా?' అంటుందండీ. నలభై ఏళ్లు దాటాక నేను ఎనిమిదో తరగతిలో పడ్డాను" అని వారి భర్త నవ్వుతారు. కానీ తల్లి ఏ బస్సులో వెళ్తున్నా, ఏ ఆసుపత్రి వరుసలో కూర్చున్నా, రేడియో ఈడు ఆడవాళ్లు ఎవరైనా దగ్గితే తిరిగి చూస్తుందని వారి కుమార్తె చెప్పినప్పుడు ఎవరికీ నవ్వు రాదు.

కాలక్రమంలో ఆ చీటీలు వాడుకలోంచి జారిపోయాయి, నిబంధన పుస్తకంలో మాత్రం అలాగే ఉండిపోయింది. ఈ సంవత్సరం పెరిగిన అల్లర్ల దృష్ట్యా దాన్ని తిరిగి అమలు చేయాలని మన పాఠశాల కమిటీ తీర్మానించింది. విరమణ కానుకగా ఏం కావాలని అడిగితే, ఆ తీర్మానం రద్దు చేయమని సైన్సు టీచరు గారు కోరారు. చర్చ రెండు గంటలు సాగింది. చివరికి ప్రధానోపాధ్యాయిని గారు వారి మనసు నొప్పించడం ఇష్టంలేక ఒక సవరణ తెచ్చారు. "ఇకపై సంతకం రానివారి వేలిముద్ర కూడా చెల్లుతుంది, టీచర్ గారూ" అని సంతోషంగా చదివి వినిపించారు.

సైన్సు టీచరు గారు సంచి భుజాన వేసుకున్నారు. "మిల్లువాళ్లు ఇరవై ఆరేళ్ల కిందటే ఒప్పుకున్నారమ్మా" అన్నారు. అని లేచి తరగతికి వెళ్లిపోయారు.

గత నెల కొత్త చీటీ మీద ఏడో తరగతి కుర్రవాడొకడు వరండాలో నిలబడ్డాడు. తమ ఖాళీ పీరియడులో సైన్సు టీచరు గారు ఆ కుర్చీ బయటికి మోసుకొచ్చి, వాణ్ణి కూర్చోబెట్టి, పక్కన తాము నిలబడ్డారు. చీటీ రాసిన యువ లెక్కల మాస్టారు కంగారుగా బయటికి పరుగెత్తుకొచ్చారు.

"అయ్యో, మీరు నిలబడటమేంటి టీచర్? నా పరువేం కాను?"

"నీ మీద కోపంతో కాదు నాయనా. ఈ వరండాలో నేను పదకొండు రోజులు నిలబడాలి. ఇవాళ్టికి ఒకటి."

మూడో రోజున లెక్కల మాస్టారు ఆ కుర్రవాణ్ణి తామే భుజం మీద చెయ్యేసి లోపలికి తీసుకెళ్లారు. మిగతా ఎనిమిది రోజులూ సైన్సు టీచరు గారు ఖాళీ కుర్చీ పక్కన, మోకాళ్ల నొప్పులతో, గంట కొట్టేదాకా ఒక్కరే నిలబడ్డారు. ఈ వ్యాసం అచ్చుకు వెళ్తున్న నాటికి పదకొండూ పూర్తయ్యాయి. తీర్మానం రద్దు కాలేదు. చీటీల పుస్తకం స్టాఫ్ రూము గోడకు మేకున వేలాడుతోంది. అందులోంచి రెండో చీటీ ఇంకా ఎవరూ చించలేదు. చించబోయేవారు ఒక్కసారి వరండా వైపు చూస్తారని ఆశించడం తప్ప వారి సేవకు తగిన ప్రతిఫలం మన దగ్గర మరేదీ లేదు.

ఆ మోకాళ్లకు విశ్రాంతి దొరకాలి. భర్త, కుమార్తెల సాన్నిధ్యంలో వారి శేషజీవితం ఆరోగ్యంతో, మనశ్శాంతితో సాగాలి. దీర్ఘాయుష్షు కూడా కోరుతున్నాం, అది మాటవరసకు కోరడం కాదు. ఇప్పుడు నలభై ఏళ్లకు చేరి ఉండాల్సిన ఒక స్త్రీ, ఏదో ఒక ఊరి బస్సులో, ఏదో ఒక ఆసుపత్రి వరుసలో, వెనకనుంచి "టీచర్, ఊపిరి పీల్చుకోండి" అని నవ్వుతూ పిలిచేంత వరకూ, ఆ గొంతును వారు ఆనవాలు పట్టి వెనక్కి తిరిగేంత వరకూ, ఎన్నేళ్లు పట్టినా సరే, అన్నేళ్లు వారు చల్లగా ఉండాలి.