బుడన్‌సాబ్ ఊపిన సీసా

గోలీసోడాలు చేసి అమ్మే బుడన్‌సాబ్ ఆ పొద్దు హిందూపురం పోయి స్కానింగ్ తీయించుకోవాల. కాలేయం కాడ గడ్డ మాదిరి ఏదో తగుల్తాందని డాక్టరు చెప్పి వారమైంది. పెండ్లాం రోషన్‌బీ చీటీ చేతిలో పట్టుకొని పక్కనే కూర్చునుంది. రెండు బస్సులు పోయినాయి. ఆయన మాత్రం పెనుకొండ బస్టాండులో వెంకటరాముడి టీ అంగడి బల్ల మీంచి లేవలేదు. నోరు ఆగిందంటే గుండె దడ మొదలైతాదని ఆయనకు తెలుసు.

"స్కానింగ్ గురించి నాకు చెప్తారేమప్పా? పోయినేడు బెంగళూరులో మందులు కనిపెట్టే చోట పనికి పోలేదా నేను? ఆడ సీసాల్లో బుడగలు చేస్తారు. లోపల గ్యాసు, పైన కొవ్వు పొర, నెత్తుట్లో ఈదేంత సన్నవి. పంచెకు ఉత్తరేణి గింజ అంటుకున్నట్ల, అవి పోయి రోగం ఉండే చోటే పట్టుకుంటాయి. స్కానింగ్ తెర మీద తెల్లగా మెరుస్తాయి. సీసా ఊపితేనే ఆ బుడగలు పుట్టేది. ఒగ దినం ఆ ఊపే మిషను చెడిపాయె. డాక్టర్లంతా తలలు పట్టుకున్నారు. నేనే ఊపినా. సోడాలు చేసిన చెయ్యి గదా!"

"నిజమా సాబూ!" వెంకటరాముడు పొంగే పాలు కూడా మరిచిపోయాడు.

"ఎలుక నరంలో ఎక్కించినారు. ఆ తర్వాత ఏమైందో తెలుసా? ఆవగింజంత గడ్డ ఠక్కున కనపడె! ఆడికే అయిపాయెనా? మిగిలిన చుక్క తెచ్చి రామగిరి గనిలో పోసినా. బంగారం యాడుందో ఆడంతా మెరిసిపాయె, కొండ ఇవతల నిలబడినోళ్లకు కండ్లు చెదిరె!"

"మరి ఆ బంగారం యాడబ్బా?" అన్నాడు బస్సు కోసం నిలబడిన రైతు రంగప్ప.

"నాకెందుకప్పా బంగారం! ఇంకో చుక్క ధర్మవరంలో రైలింజన్లో పోసినా. ఎక్కడ చెడిందో అదే చూపించె, డ్రైవరు నా కాళ్లు మొక్కె! ఇంకో చుక్క మబ్బులోకి చిమ్మితే, వాన యాడ దాక్కుందో పట్టుకొని కొత్తచెరువు దాకా ఈడ్చుకొచ్చె. మూడు దినాలు ఒకటే కురిసె!"

అందరూ ఈలలేశారు. బుడన్‌సాబ్ మొహం వెలిగిపోయింది. అంతలో మూడో బస్సు వచ్చి ఆగింది. ఆయన అటు తిరిగి కూడా చూడలేదు. "ఇంకో టీ పోయప్పా, అసలు కథ ముందరుండాది" అన్నాడు.

రోషన్‌బీ లేచింది. "అసలు కథ నేను చెప్తా. ఈయప్ప ఆడ చేసింది రెండు దినాల పని, సీసాలు అందించేది. గ్యాసు పట్టిందా లేదా అని, సోడాకు చూసినట్ల, ప్రతి సీసా మూతా తీసి చెవి కాడ పెట్టుకొని ఇన్నాడు. బుడగలన్నీ పాడైపోయినాయి. మూడో దినం ఇంటికి పంపించినారు."

అంగడంతా గొల్లుమంది. బుడన్‌సాబ్‌కు కోపం రావాల్సింది, రాలేదు. చేతిలో గ్లాసు బల్ల మీద పెట్టాడు.

"భయమైతాంది రోషన్," అన్నాడు అందరి ముందరే. "లోపల ఏమన్నా ఉంటే?"

"నాకు మాత్రం లేదా భయం? ఉంటే కనపడనీ. కనపడితేనే గదా వైద్యం చేసేది. లెయ్."

ఆయన లేచాడు. ఆమె వెనకాలే బస్సెక్కి కూర్చున్నాడు. బస్సు కదిలాక కిటికీలోంచి తల బయట పెట్టి అరిచాడు.

"వెంకటరాముడూ! ఆమె మాట నమ్మొద్దప్పా! అన్ని సీసాలూ యాడ తీసినా, పన్నెండే!"