సెమీఫైనల్ గెలిపించిన ఎడమ కాలు

"గొప్పలు చెప్పుకోవడం నాకు చేతకాదయ్యా. టైలర్‌ని కదా, కొలత మించి గుడ్డా కత్తిరించను, మాటా కత్తిరించను. కానీ మొన్న మన దేశం ఫుట్‌బాల్ జట్టు సెమీఫైనల్ గెలిచిందంటే మాత్రం అది నా ఎడమ కాలి చలవే!"

టీకొట్టు బల్ల మీద మంగలి కాస్త జరిగి చోటిచ్చాడు. "కూర్చో బాబాయ్, కానీ మరి."

"ఇంట్లో టీవీ ముందు కూర్చున్నానా, మనవాళ్ళు ఒక గోల్ వెనకబడ్డారా, కోపమొచ్చి లేవబోయానా, కుడి కాలు తిమ్మిరెక్కింది. సరే అని ఎడమ కాలి మీద నిలబడ్డాను. నిలబడ్డానో లేదో, గోల్! లెక్క సమానం! ఓహో, కిటుకు ఇక్కడుందా అనుకున్నాను. ఇక కాలు దించితే ఒట్టు. మీ పిన్ని అన్నం పళ్ళెం చేతికిస్తే కొంగలా నిలబడే తిన్నాను. పొరపాటున వేలు నేలకి తగిలితే చాలు, అవతలివాళ్ళు తేనెటీగల్లా మీద పడేవాళ్ళు. ఆ తర్వాత ఏమైందో తెలుసా?"

"కాలు పీకిందా?" అన్నాడు టీ పోస్తూ కొట్టాయన.

"పీకడమా? పెనాల్టీలొచ్చాయి! నేనెటు వాలితే మన గోల్‌కీపర్ అటే దూకాడు. నాకు తుమ్మొస్తే అక్కడ వాడు తుమ్మాడు! ఆఖరి బంతి వాడి తల మీదుగా దూసుకొస్తోంది. నేను ఊపిరి బిగబట్టాను. అంతే, బంతి గాల్లో ఆగిపోయింది!"

"ఆగిపోయిందీ?"

"అబద్ధమైతే నా కత్తెరకి తుప్పు పట్టాలి. జనమంతా నోళ్ళు వెళ్ళబెట్టారు. రిఫరీ బంతిని చూశాడు, వాచీ చూసుకున్నాడు, చివరికి కెమెరా వైపు తిరిగి చేతులు జోడించాడు. 'టైలరుగారూ, ఇక దయచేసి ఊపిరి వదలండి, మేం ఇళ్ళకి పోవాలి' అని! పాపం అనిపించి వదిలాను. బంతి మనవాడి చేతుల్లో పువ్వులా పడింది. ఇవాళ ఫైనల్ కదా, ఎవరూ దిగులు పడకండి. కాలు సిద్ధంగా ఉంది."

పక్కనే టీ తాగుతున్న టైలర్ బావమరిది, ఎలక్ట్రీషియన్, గ్లాసు కింద పెట్టాడు.

"బావా, ఆ రోజు మ్యాచ్ నువ్వు షాపులో ఉండగానే అయిపోయింది. ఇంటికొచ్చి నువ్వు చూసింది రాత్రి టీవీలో మళ్ళీ వేసిన పాత ఆట."

మంగలికి టీ పొలమారింది.

"మరి... మీ అక్క ఒక్క ముక్క చెప్పలేదేంరా?"

"నేను చెప్పబోతే నా నోరు మూసింది బావా. 'ఉండరా, పెళ్ళయ్యాక మొదటిసారి ఈయన నోరు మూసుకుని ఒకచోట నిలబడ్డారు. కాసేపు నన్ను ప్రశాంతంగా ఉండనీ' అంది."