మంట ఆకుపచ్చగా లేచిన రోజు

"నేను చేసింది పెద్ద పనేం కాదు, చిటికెడు ఉప్పు పొయ్యిలో వేశానంతే," అని మొదలుపెట్టాడు బాబాయ్. గాజు ఫ్యాక్టరీలో ముప్పై ఏళ్లుగా కొలిమి చూస్తున్న మేస్త్రీ ఆయన. టీకొట్టు బల్ల మీద వెల్డరూ, లారీ డ్రైవరూ దగ్గరికి జరిగారు. ఫ్యాక్టరీ ప్రయోగశాల చూసుకునే మేడం గ్లాసు పట్టుకుని నిలబడే వింటోంది.

"మన క్యాంటీన్ వంటమ్మ కూర దించబోతూ ఉప్పు చాల్లేదని కొత్త బస్తా విప్పింది. నాకెందుకో ఆ తెలుపు తేడాగా కనిపించింది. మనం గాజులో కలిపే బేరియం పొడి కూడా అలాంటి బస్తాలోనే వస్తుంది. అది కడుపులోకి పోతే మనిషి దక్కడు. నాలిక్కి రాసుకుని చూసే పని కాదు కదా. చిటికెడు తీసి మంటలో వేశా. ఉప్పైతే పసుపుగా లేవాలి. ఇది ఆకుపచ్చగా లేచింది. 'అమ్మా, గరిటె కింద పెట్టు' అన్నా."

"రంగు చూస్తే ఎలా తెలుస్తుంది బాబాయ్?" అన్నాడు డ్రైవరు.

"పరమాణువులో ఎలక్ట్రాన్లకి మెట్లుంటాయిరా. వేడి తగిలితే పైమెట్టెక్కుతాయి, అక్కడ నిలవలేక కిందికి దూకుతాయి, దూకుతూ వెలుగు వదుల్తాయి. ఎంత ఎత్తు నుంచి దూకితే దానికి తగ్గ రంగు. బేరియం మెట్లు వేరు, ఉప్పులో ఉండే సోడియం మెట్లు వేరు."

మేడం తలూపింది. అది చూశాక బాబాయ్ గొంతు లేచింది.

"ఆ తర్వాత ఏమైందో తెలుసా? నా కన్ను పదునెక్కిపోయింది. షెడ్డు రేకు చిల్లులోంచి పడే ఎండకి ఓ గాజు పట్టకం అడ్డం పెట్టా. గోడ మీద ఏడు రంగుల పట్టీ, అందులో సన్నటి నల్లగీతలు. సూర్యుడి వెలుగు బయటికొచ్చే దారిలో, పైనున్న కాస్త చల్లటి వాయువు తన మెట్లకి సరిపడే రంగుల్ని మింగేస్తుంది, మిగతావాటిని ముట్టుకోదు. మింగిన చోటల్లా ఓ గీత. నేను ఇరవై వేలు లెక్కపెట్టా, ఒకటి తక్కువొచ్చింది."

"తక్కువొచ్చిందా?" అన్నాడు వెల్డరు.

"ఇనుము గీత. సూర్యుడి మీద కేకలేశా. టీ టైముకల్లా వచ్చి చేరింది."

టీ పోస్తున్న అక్క నవ్వాపుకుంటూ గిన్నె పక్కన పెట్టింది.

"అది వదిలెయ్. పోయిన నెల కొలిమిలో ఓ సోడియం ఎలక్ట్రాను మెట్టు దిగుతూ దిగుతూ ఆయాసమొచ్చి మధ్యలో చతికిలబడింది. నేను కళ్లారా చూశా. 'దిగు తల్లీ, నీ పసుపు వెలుగు కోసం అందరం కాసుక్కూచున్నాం' అని బతిమాలితే, సిగ్గుపడి దిగింది."

మేడం గ్లాసు బల్ల మీద పెట్టింది. "ఆ మెట్ల మధ్య కూర్చోడానికి చోటు లేదు బాబాయ్. పైమెట్టు మీద ఉంటుంది, లేదంటే కిందిమెట్టు మీద. మధ్యలో కూర్చున్నదాన్ని ఇంతవరకూ ఎవరూ చూళ్లేదు, మీతో సహా."

బల్లంతా నవ్వింది. బాబాయ్ చెవి గోక్కున్నాడు.

"అయితే మొత్తం కోతలేనా మేడం?" అన్నాడు డ్రైవరు.

"ఉప్పు సంగతి కాదు. ఆ బస్తా పరీక్ష చేసింది నేనే. బేరియమే. ఆ పూట రెండొందల మందిమి పళ్లాలు పట్టుకుని వరసలో ఉన్నాం," అంది మేడం. "ముందు నుంచి మూడోదాన్ని నేను."