ఏ ఇంటికైనా ఆయనే వెళ్ళేవారు

పందొమ్మిది వందల ఎనభై మూడవ సంవత్సరం జూలై నాలుగవ తేదీన, పందొమ్మిదేళ్ళ ప్రాయంలో, ఇంట్లో ఎవరికీ చెప్పకుండా రైలెక్కి సైన్యంలో చేరిన నాటి నుండి, ఈ నెలాఖరున మన స్టేషను హెడ్ కానిస్టేబులుగా పదవీ విరమణ చేయనున్న నేటి వరకు, పై అధికారులు మొదలుకొని గదులు ఊడ్చే సిబ్బంది దాకా అందరి చేతా బాబాయిగారని పిలిపించుకున్న ఆ మాన్యుని జీవితం యావత్తూ యూనిఫారంలోనే గడిచింది.

మంచుకొండల మీద కాపలా కాసిన తొలి సంవత్సరాల్లోనే, మంచుచరియ విరిగిపడి మరణించిన ఒక సహచరుని భౌతికకాయం కంటే ముందుగా అతని ఇంటికి కబురు తీసుకువెళ్ళే బాధ్యత ఆయనపై పడింది. గుమ్మంలో నిలబడ్డ తల్లితో, "మీవాడు ఇక లేడమ్మా" అన్నారు. "లేకపోతే ఎక్కడికెళ్ళాడు నాయనా?" అని ఆవిడ అమాయకంగా అడిగారు. సెలవు మీద వచ్చినప్పుడు ఆ సంగతి కొత్తగా కాపురానికి వచ్చిన భార్యతో చెప్పుకున్నారు. "మెత్తటి మాటలు చెప్తే ఆవిడకేం అర్థమవుతుందండీ? చనిపోయాడనే చెప్పాలి. కూర్చోబెట్టి చెప్పాలి. ముందు స్టవ్ ఆపించాలి" అన్నారావిడ. ఆ మాటలను ఆయన ఆజ్ఞగా స్వీకరించారు.

పదిహేడేళ్ళ సైనిక సేవ అనంతరం పోలీసు శాఖలో ప్రవేశించి, మన స్టేషనుకు వచ్చిన తొలి వారంలోనే, లారీ కింద పడి మరణించిన ఒక మేస్త్రీ ఇంటికి కబురు తీసుకువెళ్ళవలసి వచ్చింది. తక్కినవారు బూట్ల లేసులు సవరించుకుంటూ, ఫైళ్ళు వెదుక్కుంటూ తలలు దించుకున్న వేళ ఆయన లేచి టోపీ అందుకున్నారు. నాటి నుండి అటువంటి పని ఏది వచ్చినా ఆయనదే. ఎవరూ ఆయనకు అప్పగించలేదు. ఎవరూ ఆయన చేతిలో నుండి తీసుకోనూ లేదు. లోపలికి వెళ్ళి, స్టవ్ ఆపించి, మనిషిని కూర్చోబెట్టి, టోపీ తీసి తానూ ఎదురుగా కూర్చుని, ఒక్క వాక్యంలో చెప్పేవారు. ఇరుగుపొరుగు ఎవరైనా వచ్చేదాకా కదిలేవారు కాదు. తిట్టినవారున్నారు, చొక్కా పట్టుకుని గుంజినవారున్నారు. ఆయన స్టేషనుకు వచ్చి, చిరిగిన జేబు చూసుకుని ఊరుకునేవారే గాని ఎవరినీ పల్లెత్తు మాట అనేవారు కాదు.

అటువంటి జేబు కుట్టించుకోవడానికే ఒకసారి టైలరు ఇంటికి వెళ్ళారు. కిటికీలో నుండి ఆయనను చూసిన టైలరు భార్య మెట్ల మీదే కూలబడి బావురుమంది. వీధంతా మూగింది. ఆ గోలకు, మెడలో టేపు వేలాడుతుండగా, బజారు నుండి ఎప్పుడో తిరిగి వచ్చిన టైలరే వెనుక గదిలో నుండి బయటికి వచ్చాడు.

"ఎవరు పోయారే?"

"నువ్వే అనుకున్నాను" అంటూ ఆవిడ ఏడుపు ఆపకుండానే అతని వీపు మీద రెండు వేసింది.

"ఆయన జేబు కోసం వచ్చారే, ప్రాణం కోసం కాదు" అన్నాడు టైలరు.

వీధంతా నవ్వింది. బాబాయిగారూ నవ్వారు. కాని ఆ తరువాత మామూలుగా ఎవరింటికి వెళ్ళినా మలుపులోనే నిలబడి, "సొంత పని మీద వచ్చానమ్మా" అని కేక వేయడం అలవాటు చేసుకున్నారు. తాను కనబడగానే మనుషులు ఉలిక్కిపడటం ఎంత బరువో ఆ రోజు నవ్వినవారికి తెలియదు.

సైన్యం విడిచి వచ్చాక, అంతవరకు సెలవుల్లో మాత్రమే కనబడిన తండ్రిని చూసి మంచం కిందకు దూరే ఇద్దరు పిల్లలను మాలిమి చేసుకోవడానికి ఆయన ఎంచుకున్న సాధనం ఇస్త్రీపెట్టె. రోజూ ఉదయం వారి బడి దుస్తులకు సైనిక పద్ధతిలో మడతలు తీసేవారు. "నాన్నా, ఈ చొక్కాతో కూరగాయలు తరగొచ్చు" అని కొడుకు వెక్కిరించేవాడు. కుమార్తె ఉపాధ్యాయిని అయి వేరే ఊళ్ళో స్థిరపడింది. కుమారుడు పోలీసు పరీక్ష రాస్తానంటే, "ఇంట్లో ఒక్క పోలీసు చాలు" అని ఆయనే వారించి, కరెంటు లైన్‌మన్ పనిలో చేర్పించారు. ఆ మాట అన్నందుకు ఆయన నేటికీ తనను తాను క్షమించుకోలేదు.

మూడేళ్ళ కిందట, పెద్ద గాలివాన వెలిసిన ఉదయం, మన ఎస్.ఐ. మేడమ్ ఒక ఫోను విని పెట్టేశారు. తరువాత ఆయనను గదిలోకి పిలిచి, టోపీ తీసి బల్ల మీద పెట్టి, "కూర్చోండి బాబాయ్ గారూ" అన్నారు.

"ఎవరింటికి వెళ్ళాలి మేడమ్?" అన్నారాయన, పెన్ను తీస్తూ.

"మీ ఇంటికే." ఆవిడ ఎదురుగా కూర్చున్నారు. "మీ అబ్బాయి చనిపోయాడు. స్తంభం మీద పని చేస్తుండగా లైన్లోకి కరెంటు వచ్చింది."

ఆయన తల ఊపారు. "బాగా చెప్పారు మేడమ్" అన్నారు. పెన్ను జేబులో పెట్టుకుని, "మా ఆవిడకి నేనే చెప్తాను" అని లేచారు.

జీపు దూరంగా ఆపించి నడిచి వెళ్ళారు. వంటగదిలో ఉన్న భార్యతో, "ముందు స్టవ్ ఆపు" అన్నారు. ఆవిడ ఆపలేదు. వెనక్కి తిరగనూ లేదు.

"అమ్మాయా, అబ్బాయా?"

ఆయన నోరు తెరిచారు.

"వద్దు, చెప్పకండి" అన్నారావిడ. "అందరికీ చెప్పారుగా. నాకు మాత్రం చెప్పకండి."

ఎన్నో గుమ్మాలలో తడబడని ఆ నోరు సొంత ఇంట్లో మూతపడింది. కూర మాడి గది పొగతో నిండి, వెనుకే వచ్చిన మేడమ్ స్టవ్ ఆపేదాకా ఇద్దరూ అలాగే నిలబడి ఉన్నారు. పోయింది అబ్బాయని ఆ తల్లికి వీధిలో వారి ఏడుపుల వల్లనే తెలిసింది.

ఆ ఇంట్లో మాటలు ఆగిపోలేదు. పాలు వచ్చాయా, తలుపు వేశావా అని అడుగుతూనే ఉంటారు. అబ్బాయి ఊసు మాత్రం ఎత్తరు. అమ్మాయి ఫోను చేస్తే అవే సంగతులు అమ్మకొకసారి, నాన్నకొకసారి చెప్పవలసిందే; ఒకరు విన్నది రెండవవారికి చేరదు. కబుర్లు చెప్పే పని ఇక తనవల్ల కాదని బాబాయిగారు మానుకున్నారు. ఆయనకు బదులుగా మరొకరు ఎవరికో ఫోనులోనే చెప్పేస్తే, అవతలి మనిషి మెట్ల మీద నుండి పడిపోయింది. అది విని ఆయన మళ్ళీ టోపీ అందుకున్నారు. కాని వెళ్ళింది మునుపటి మనిషి కాదు.

"కూర్చోబెట్టి చెప్తే కాస్త తేలికవుతుందనుకునేవాణ్ణి రైటరు గారూ" అని, ఈ వ్యాసం రాస్తున్న, స్టేషను రికార్డులు రాసే రైటరుతో ఒకనాడు అన్నారు. "ఏమీ అవదు. నిలబెట్టి చెప్పినా ఒకటే."

విరమణ గడువు దగ్గరపడిన కొద్దీ, డ్యూటీ ముగిశాక కూడా ఆయన బెంచీ మీదే కూర్చుండిపోతున్నారు. "ఇంటికెళ్ళి పగలంతా ఏం చెయ్యమంటారు?" అంటారు. ఈ వీడ్కోలు సంచిక సంగతి తెలిసి, "చివర్లో నిండు నూరేళ్ళు అని రాస్తారు కదా, నాకది వద్దండీ. గడిచినవే ఎక్కువయ్యాయి" అన్నారు.

తేదీలు సరిచూసుకోవడానికి రైటరు వారి ఇంటికి వెళ్ళినప్పుడు, ఆ ఇల్లాలు అన్నీ ఓపికగా చెప్పి, గుమ్మం దాకా వచ్చి, "మా అబ్బాయి సంగతి కూడా రాయండి" అన్నారు.

"రాస్తే మీకు కష్టంగా ఉండదా అమ్మా?"

"ఆయన చెప్పలేరు, నేను అడగలేను. అచ్చులో ఉంటే ఇద్దరం చదువుకుంటాం. ఒకరు చదివి పక్కన పెట్టాక ఇంకొకరైనా సరే."

శుభసందర్భంలో ఇవన్నీ ఎందుకని పెద్దలు కొందరు అన్నప్పటికీ, ఆ తల్లి మాట కాదనలేక రాయవలసి వచ్చింది. బాబాయిగారూ, మీ మాటా కాదనలేము. నూరేళ్ళని రాయడం లేదు. మీ మోకాళ్ళ నొప్పి నెమ్మదించి, రాత్రిళ్ళు కంటి నిండా నిద్ర పట్టి, మీ అబ్బాయి పేరు మీ ఇద్దరిలో ఒకరి నోట వినబడి, రెండవవారు దానికి బదులు పలికే రోజు వచ్చేదాకా, అది ఎంత కాలానికి వచ్చినా సరే, అంతకాలమూ మీరిద్దరూ ఆయురారోగ్యాలతో ఉండాలని ఈ స్టేషను సిబ్బంది యావన్మందిమీ కోరుకుంటున్నాము.