పెదాల మాట

మిల్లు యజమాని ఆమోస్‌ను పూడ్చి వచ్చిన సాయంత్రం, లాంకషైర్‌లోని ఆ ఇంటి వంటగదిలో ఆయన భార్యా, అక్కా చల్లారిపోయిన టీ ముందు కూర్చున్నారు.

"ఒక్క మగ్గంతో మొదలెట్టి అంత మిల్లు పెట్టారు, ఊరందరికీ కొళాయిలు వేయించారు. పోయేముందు మాత్రం గొంతు పెగల్లేదు వదినా. ఉత్త పెదాలే ఆడాయి."

"మగ్గాల రొదలో మేమంతా అలాగేగా మాట్లాడుకునేది! పాస్టరుగారి కూతురివి, మిల్లు గడప తొక్కావా ఎప్పుడైనా? ఏదీ, ఎలా ఆడించాడో చూపించు."

ఆమె పెదాలు కదిపి చూపించింది. అక్క కప్పు పక్కన పెట్టేసింది.

"ప్రార్థనే కదా వదినా?"

"ఇంకోసారి చూపించు."

చూపించింది.

"నీళ్లే అమ్మాయ్. నీళ్లడిగాడు."

"మూడుసార్లు అడిగారు," అంది ఆమె గోడకేసి చూస్తూ. "మూడుసార్లూ నేను ఆమెన్ అన్నాను."