మెడ వంచి చూసిన చదరం

అవునండీ హెడ్మాస్టారూ, తప్పంతా పిల్లదే. ఐదేళ్లొచ్చి కూడా చదరానికీ డైమండుకీ తేడా తెలియకపోతే ఎలా? కంప్యూటరే చెప్పాక కాదనడానికి మనమెవరం! ‘మీ అమ్మాయిని ఇదే తరగతిలో ఇంకో ఏడాది ఉంచుతున్నాం’ అని ఉత్తరం రాసేశారు కదా. వాళ్లమ్మ బయట బెంచీ మీదే కూర్చుని ఉంది. సంతకం పెట్టి చేతిలో పెట్టేస్తే ఓ పనైపోతుంది.

వద్దండీ, నేను కూర్చోను. ఇరవై రెండేళ్లుగా నిలబడే కదా పాఠాలు చెప్తున్నాను, ఇదీ నిలబడే చెప్తాను.

ఆ రిపోర్టు ఓసారి ఇటివ్వండి. ఆహా, ఎంత ముచ్చటగా ఉందో! ‘గుండ్రాన్ని గుర్తుపట్టలేనివారు పదిహేడు మంది.’ ఇరవై మందిలో పదిహేడు! రోజూ ముందు పళ్లెం పెట్టుకుని తినే పిల్లలకి గుండ్రం తెలియదట. ఎందుకో చెప్పనా? ఆ ఫోను పాఠాల ఆటలో తప్పు నొక్కితే కప్ప బెకబెకమంటుంది. ఒప్పు నొక్కితే ఏముందీ, ఓ నక్షత్రం వచ్చి పోతుంది. నక్షత్రం ఎవరిక్కావాలి మాస్టారూ? కప్ప కోసం పోటీలు పడి మరీ తప్పులు నొక్కారు. మీరు ఆడినా కప్పే కావాలంటారు.

నవ్వకండి, ఇంకా ఉంది. మన ఫస్టు మార్కు పిల్లాణ్ణి చూడండి, నూటికి నూరు! ‘ఎరుపు గుండ్రం, నీలం త్రికోణం, ఎరుపు గుండ్రం... తర్వాత ఏమొస్తుందర్రా?’ అని నేను అడగడం పూర్తి కాకముందే వాడి భుజం మీంచి ఓ చెయ్యొచ్చి నొక్కేసి వెళ్లేది. రెండు ఉంగరాలూ, ఒత్తుగా వెంట్రుకలూ! ఆ చేతికి పై తరగతి ఇచ్చేశారు మీరు. శుభం.

ఏమిటీ, బొంగరం సంగతికి రమ్మంటారా? వస్తున్నా. అక్కడికి రావడానికే ఇన్ని మాటలు కూడదీసుకుంటున్నాను.

ఒక్కచోట కూర్చోదని తరగతిలో అందరం ఆ పిల్లని బొంగరం అనేవాళ్లం. ఇప్పుడెవరూ అనడం లేదు. ఇప్పుడు కూర్చుంటోంది కదా.

బడికి మరమ్మతులని ఆ రెండు నెలలూ ఫోన్లో పాఠాలు పెట్టారా, బాగానే ఉంది. అంతటితో ఊరుకున్నారా మీరు? ‘ప్రతి టీచరూ ఆటలోకి పది ప్రశ్నలు స్వయంగా తయారుచేయాలి’ అని ఆర్డరు వేశారు. స్వయంగా! ఫోనొస్తే ఎత్తడానికే తడబడేదాన్ని నేను. సరే, ఏడుస్తూనో మొత్తుకుంటూనో పదీ చేశాను. అందులో ఏడోది ఓ బొమ్మ. ఒక మూల మీద నిలబడి ఉంటుంది. కింద మూడు పేర్లు, ఒకటి నొక్కాలి.

‘దీని పేరేమిటర్రా?’ అన్నాను. ఉంగరాల చెయ్యి టక్కున డైమండు నొక్కింది. మిగతావాళ్లూ వాడి వెనకే నొక్కారు. ఈ పిల్ల మాత్రం ‘చదరం టీచర్’ అంది. కాదన్నాను. నాకు చూపిద్దామని ఫోను తిప్పింది. ఆ ఫోన్లు మహా తెలివైనవి కదా, ఫోనుతోపాటు బొమ్మా తిరిగి మళ్లీ మూల మీదే నిలబడింది. అప్పుడేం చేసిందో తెలుసా? ఫోను గోడకానించి, తన మెడే వంచింది. చెవి భుజానికి తగిలేదాకా.

‘ఇలా చూడండి టీచర్, చదరమే! మా అమ్మ కర్చీఫుని మూల పట్టుకుని ఎత్తినా అది కర్చీఫే కదా’ అంది. వాళ్లమ్మ దర్జీ. పుట్టినప్పట్నుంచీ గుడ్డముక్కల మధ్య పెరిగిన పిల్ల అది.

నేనేమన్నాను? ‘ముందు మెడ సరిగ్గా పెట్టుకుని కూర్చో’ అన్నాను. అవతల ఇరవై ఇళ్లవాళ్లు వింటున్నారాయె. ‘కాదు టీచర్...’ అంటూ మళ్లీ మొదలెట్టింది. దాని మైకు ఆపేశాను.

మాట వినబడటం లేదు గానీ తెర మీద పెదాలు కదులుతూనే ఉన్నాయి మాస్టారూ. చాలాసేపు కదిలాయి. తర్వాత ఆగిపోయాయి.

ఆ రోజు నుంచి అది దేన్నీ నొక్కలేదు. ఈ రిపోర్టులో వరసగా ఉన్న సున్నాలన్నీ అవే. బడి తెరిచాక చెక్కముక్కలు ముందు పోశాను. అందరూ ఎగబడ్డారు. ఇది చేతులు ఒళ్లో పెట్టుకుని నా మొహంలోకి చూస్తూ కూర్చుంది. ‘చదరం ఏదమ్మా?’ అంటే, ‘మీరే చెప్పండి టీచర్’ అంది. నాకు తల కొట్టేసినట్టయింది.

ఆటలో లోపమంటారా? చేసినవాళ్లకి గట్టిగా ఉత్తరం రాస్తారా? అబ్బే, పాపం వాళ్లనెందుకు ఆడిపోసుకోవడం!

నేను పెట్టింది చదరమేనండీ. చిన్నదిగా ఉందని, పెద్దది చేద్దామని రెండు వేళ్లతో లాగాను. అది పెరగడం మానేసి పక్కకి ఒరిగింది. మళ్లీ నిలబెడదామని గంటసేపు కుస్తీ పట్టాను, నా వల్ల కాలేదు. ఎవరినైనా అడుగుదామంటే నామోషీ. కొత్తగా చేరిన టీచరమ్మ చకచకా చేసేస్తుంటే, ఇంత సర్వీసు పెట్టుకుని నేను వెళ్లి అడగడమా? అందుకని బొమ్మనలాగే వదిలేసి పేరు మార్చేశాను. డైమండు ఒప్పు, చదరం తప్పు అని పెట్టేశాను. అంత తేలిగ్గా.

తెలియక చేశాననుకునేరు! అది మెడ వంచినప్పుడే నాకు తెలుసు, అది చెప్పిందే ఒప్పని. తెలిసే మైకు ఆపాను.

ఆ ఉత్తరం చింపేయండి. నాకు మెమో ఇస్తారో, ఏం చేస్తారో మీ ఇష్టం. వాళ్లమ్మని లోపలికి పిలవండి, ఈ మాటలే ఆమెకీ చెప్తాను. ఆమె తిడితే పడతాను. పెద్దవాళ్లకి చెప్పడం ఏమంత కష్టం?

పిల్లకీ చెప్పానండీ, ఇవాళ పొద్దున్నే. పక్కన కూర్చోబెట్టుకుని, ‘నువ్వు చెప్పిందే ఒప్పమ్మా, తప్పు నాది. అది చదరమే’ అన్నాను.

‘సరే టీచర్’ అంది.

డైమండన్నా అదే మాట అనేది మాస్టారూ.